విరగని తలుపు

మా అక్క మనవరాలి అన్నప్రాశనకని రేపల్లె వెళ్ళి, మర్నాడు ఉదయం పాసింజరు బండిలో తెనాలి తిరిగొచ్చాం నేనూ మావారూ. అక్క కట్టిచ్చిన పులిహోర డబ్బా నా చేతిలో ఉంది. ఆటో దిగి, గేటు తీసి వరండా ఎక్కేసరికి వీధి తలుపు బెత్తెడు తెరుచుకుని ఉంది.

తాళం మాత్రం వేసే ఉంది. నాకు అర్థం కానిది అదే. తలుపు రెక్కలోనే అమర్చిన తాళం అది. వెళ్ళేటప్పుడు నేను తాళంచెవి తిప్పి వేసినట్టే, దాని ఇనప నాలుక బయటికి చాచుకుని ఉంది. తాళం వేసిన తలుపు తెరుచుకుని ఎలా ఉంటుంది? ఏం తోచకే తాళంచెవి దాంట్లో పెట్టి తిప్పాను కూడా. నాలుక లోపలికి పోయింది. మళ్ళీ తిప్పితే బయటికొచ్చింది.

"ఏం చేస్తున్నావు? తలుపు తెరిచే ఉందిగా" అన్నారు మావారు వెనక నుంచి.

"అదేనండి. తెరిచే ఉంది" అన్నాను.

అప్పుడు చూశాను ద్వారబంధాన్ని. నాలుక దూరే చోట చెక్క నిలువునా చీలి, ఒక పేడు ఊడి గడప మీద పడి ఉంది. తలుపుకి గీత కూడా పడలేదు. తాళం చెక్కు చెదరలేదు. అవి రెండూ పట్టుకుని నిలబడాల్సిన చెక్కే చీలిపోయింది.

లోపల హాల్లో ఫ్యాను తిరుగుతోంది. బీరువా వేసినది వేసినట్టే ఉంది. దేవుడి గదిలో వెండి కుందులు ఉన్నాయి. మావారి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. భోజనాల బల్ల మీద నీళ్ళ సీసా ఖాళీగా ఉంది. నింపి పెట్టి వెళ్ళానో, ఖాళీదే వదిలేసి వెళ్ళానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"ఫ్యాను నువ్వే ఆపలేదేమో" అన్నారాయన.

"ఆపానండి. మీరే కదా చివర్లో చెప్పులు వెతుక్కుంటూ లోపలికెళ్ళారు?"

"నేను స్విచ్ ముట్టుకోలేదు."

ద్వారబంధం విరగ్గొట్టి లోపలికొచ్చిన మనిషి ఫ్యాను వేసుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడా? ఆ మాట పైకి అనడానికే సిగ్గేసింది. కబురు పెడితే కానిస్టేబుల్ ఒకాయన బండి మీద వచ్చి, చీలిన చెక్కని ఫోటో తీసుకున్నాడు.

"ఏం పోయినయ్యండి?"

"ఏం పోలేదండి."

"బాగా చూసుకున్నారామ్మా? బంగారం గట్రా?"

"అన్నీ ఉన్నయ్యండి."

అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. "మరి కంప్లైంటు ఏమని రాసుకోమంటారమ్మా? తలుపు విరిగిందనా?"

"తలుపు విరగలేదండి, ద్వారబంధం విరిగింది" అన్నారు మావారు. కానిస్టేబుల్ ఆయన వంకా నా వంకా చూసి, టోపీ పెట్టుకుని బండెక్కాడు.

ఏమీ పోలేదంటే నిశ్చింతగా ఉండాలి. ఉండలేకపోయాను. పోయినదేదో నాకు తెలియడం లేదంతే అనిపించేది. కత్తెర కనపడకపోతే వాడే తీసుకెళ్ళాడనుకున్నాను. రెండు రోజులకి కుట్టుమిషను సొరుగులో దొరికింది. గొడుగు పోయిందనుకుంటే అది బాపట్లలో మా ఆఫీసులోనే ఉంది. నేను బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో పని చేస్తాను, రోజూ రైల్లో వెళ్ళొస్తాను. మావారు దుకాణం ఎత్తేసిన దగ్గర్నుంచీ ఇంటిపట్టునే ఉంటున్నారు. కొన్నాళ్ళ తర్వాత ఆ కానిస్టేబులే ఫోన్ చేసి, కర్లపాలెంలో ఇద్దరు దొరికారని చెప్పాడు. వాళ్ళు ఒప్పుకున్న ఇళ్ళల్లో మాది లేదట. "తెనాలే రాలేదంటున్నారమ్మా" అన్నాడు. అది మంచి కబురో చెడ్డ కబురో తెలియక "థాంక్సండి" అన్నాను.

ఇక సలహాలు మొదలయ్యాయి. రేపల్లె నుంచి బావగారు ప్రత్యేకంగా వచ్చి, వరండా అంతటికీ ఇనప గ్రిల్ బిగించి దానికో గేటు పెట్టమన్నారు. మావారు "జైల్లాగుంటది అన్నగారూ" అన్నారు. ఆఫీసులో ఒకావిడ కెమెరా పెట్టించమంది. ఇంకొకాయన కుక్కని పెంచమన్నాడు. నేను రైల్లో కూర్చుని ఫోన్లో వీడియోలు చూసేదాన్ని. ఒకడు తాళం మార్చమనేవాడు, ఇంకొకడు తాళం దండగ, తలుపు మార్చమనేవాడు. వాళ్ళు తలుపుల్ని కాళ్ళతో తన్ని చూపిస్తుంటే, నిడుబ్రోలు వచ్చేసరికి నాకు చెమటలు పట్టేవి.

చివరికి వడ్రంగి మేస్త్రిని పిలిచాం. ఆయన చూసి, తలుపు మంచి టేకుదేనని, దాన్ని మార్చక్కర్లేదని అన్నాడు. తాళం నాలుక దూరే రేకుని బొటనవేలి గోరంత పొట్టి స్క్రూలతో బిగించారట, తోపుకి అవి చెక్కని చీల్చుకుంటూ వచ్చేశాయట. దాని బదులు నిలువెత్తు ఇనప పట్టీ వేసి, ద్వారబంధం దాటి గోడలోకంటా దిగే పొడుగాటి స్క్రూలు బిగిస్తానన్నాడు. మడతబందుల వైపు కూడా అలాగే చెయ్యాలట.

"అప్పుడింక రాలేడా?" అని అడిగాను.

"తేలిగ్గా రాలేడండి" అన్నాడు.

ఆ 'తేలిగ్గా' అన్న మాట నాకు నచ్చలేదు. లోపల అడ్డంగా ఒక ఇనప కమ్మి కూడా పెట్టించమన్నాను. తలుపుకి అటూ ఇటూ గోడలో కొక్కేలు దించి, వాటిలో వేసే అడ్డకమ్మి. మేస్త్రి ఒకసారి మావారి వంక చూశాడు. మావారు నా వంక చూశారు. పెట్టించాం. పెరటి తలుపుకి కూడా అలాగే చేయించాం. పని అయ్యాక మేస్త్రి భుజంతో గట్టిగా మోది చూపించాడు. తలుపు కదల్లేదు. నా ప్రాణం కుదుటపడాల్సింది. కానీ ఆ రాత్రి నుంచీ కొత్త అనుమానం పట్టుకుంది. ఇంత చేయించాం కదా, ఇప్పుడు వాడు ఇంట్లో ఏదో ఉందనుకోడూ?

పొద్దున నేను స్టేషనుకి బయల్దేరగానే లోపల కమ్మి వేసుకోమని మావారికి చెప్పేదాన్ని. ఆ కమ్మి కొక్కేల్లో పడిన చప్పుడు వినపడేదాకా గేటు దాటేదాన్ని కాదు. మొదట్లో విసుక్కునేవారు. తర్వాత అలవాటైపోయింది.

ఆ రోజు కూడా చప్పుడు విని వెళ్ళాను. బాపట్లలో ఆఫీసుకి చేరి, టిఫిన్ తిన్నారా అని అడగడానికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్నానానికి వెళ్ళారనుకున్నాను. మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. ఆయన పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుంటారు, వేసుకున్నాక వెంటనే ఏదైనా తినాలి. పేపరు చదువుతూ కూర్చుంటే తినడం మర్చిపోతారు.

మా పక్కింటివాళ్ళకి బజార్లో కూల్‌డ్రింకుల షాపుంది. ముస్లింలు, పెద్ద కుటుంబం. ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన భార్యని వదినగారూ అంటాను. వదినగారికి ఫోన్ చేసి ఒకసారి తలుపు కొట్టి చూడమన్నాను. ఆవిడ ఫోన్ పట్టుకునే మా గేటు తీసుకుని వచ్చింది.

"కొడుతున్నానమ్మా. పలకట్లేదు. కిటికీలోంచి చూస్తున్నా... అయ్యో, అమ్మా, సారు కింద పడున్నారు! కుర్చీ పక్కన. కళ్ళు తెరిచే ఉన్నయ్, మూలుగుతున్నారు."

"షుగర్ పడిపోయింది వదినగారూ, లోపలికెళ్ళి నోట్లో పంచదార వెయ్యండి, తొందరగా" అన్నాను.

"తలుపు వేసుందిగా తల్లీ! ఎట్టా వెళ్ళను?"

నా దగ్గరున్న తాళంచెవి గురించి ఏదో అన్నాననుకుంటాను. చెవి ఉండి ఏం లాభం? లోపల కమ్మి ఉంది. పెరటి వైపు కూడా ఉంది. కిటికీలకి చువ్వలున్నాయి.

అన్నయ్యగారినీ ఆయన తమ్ముణ్ణీ షాపు నుంచి పిలిపించారు. ఎవరో 108కి ఫోన్ చేశారు. నేను ఆఫీసు వరండాలో స్తంభం పట్టుకుని నిలబడి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని అంతా విన్నాను. మొదట భుజాలతో మోదిన చప్పుడు. తర్వాత రోకలితో. తర్వాత ఇంకేదో బరువైన దానితో. వాళ్ళు ఉర్దూలో అరుచుకుంటున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ప్రతి దెబ్బకీ, ఇదిగో విరిగింది అనుకునేదాన్ని. వెంటనే ఇంకో దెబ్బ పడేది, అదే శబ్దం. చెక్క చీలిన చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఆ చప్పుడు రాకుండా ఉండాలనే కదా అదంతా చేయించింది! నేను మొక్కుకోవాల్సింది తలుపు నిలవాలనా, విరగాలనా? "విరగ్గొట్టండి అన్నయ్యగారూ, గట్టిగా కొట్టండి" అని అరుస్తుంటే మా ఆఫీసువాళ్ళందరూ బయటికొచ్చి చూశారు.

"రావట్లేదమ్మా! ఏం తలుపమ్మా ఇది!" అన్నారు అన్నయ్యగారు రొప్పుతూ.

తర్వాత చప్పుడు మారింది. మెత్తగా, ఏదో రాలుతున్నట్టు. ఏం జరుగుతోందో తెలియలేదు. వదినగారు ఫోన్ ఎక్కడో పెట్టేసినట్టుంది. అరుపులు దూరమయ్యాయి. "హలో, హలో" అంటూనే ఉన్నాను. ఎవరూ పలకలేదు. ఒక ప్యూను నా చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెడితే అది తాగాలో, పట్టుకోవాలో కూడా తోచలేదు.

ఎంతసేపటికో వదినగారి గొంతు వినపడింది. "తాగుతున్నారమ్మా, తాగుతున్నారు. పంచదార నీళ్ళు మింగుతున్నారు. ఏడవబాక."

మా సూపరింటెండెంటు తన కారులో నన్ను పొన్నూరు మీదుగా తెనాలి తీసుకొచ్చారు. దారంతా ఆయన ఏదో ధైర్యం చెబుతూనే ఉన్నారు. ముందు, 108వాళ్ళు ఆయన్ని చేర్చిన ఆసుపత్రికి వెళ్ళాం. మావారు సెలైన్ పెట్టించుకుని, పక్క మంచం మనిషితో మాట్లాడుతున్నారు. నన్ను చూసి, "ఇడ్లీ తిందామనే లేచానే" అన్నారు. తిట్టాలో, పట్టుకుని ఏడవాలో తెలియక ఆయన దుప్పటి సర్దాను.

సాయంత్రం బట్టల కోసం ఇంటికి వచ్చాను. తలుపు బార్లా తెరిచి ఉంది. రోకలి దెబ్బలకి రంగు పెచ్చులూడింది గానీ తలుపు ఎక్కడా చీలలేదు. ద్వారబంధం కూడా ఇంతైనా కదల్లేదు. దాని పక్కన కిటికీ కింద గోడలో మాత్రం మనిషి పట్టేంత కంత ఉంది. మేం కొనుక్కున్నది పాత ఇల్లు. పైన పూతా, ద్వారబంధాల చుట్టూ మాత్రమే సిమెంటు, మిగతా గోడంతా మట్టితో కట్టిన ఇటుకలు. గునపంతో కదిలిస్తే కందిపప్పులా రాలిపోయాయట. అన్నయ్యగారి తమ్ముడు అందులోంచి పాక్కుంటూ లోపలికి వెళ్ళి, కమ్మి తీసి తలుపు తెరిచాడట. వరండా నిండా ఇటుకముక్కలు. నేను వాటి మధ్య నిలబడి, తలుపుని చూశాను, కంతని చూశాను. ఇన్నాళ్ళూ నేను కాపలా కాస్తున్నాననుకున్నది దేన్ని? ఏ దొంగకైనా నా తలుపుతో ఏం పని?

మావారు ఇంటికి వచ్చాక అడ్డకమ్మి తీసి పెరట్లో పడేశాను. ఒక తాళంచెవి వదినగారికి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"మాకొద్దమ్మా. ఇంతకుముందు ఎవడో వచ్చిపోయాడు. రేపు నిజంగా ఏదన్నా పోతే మా దగ్గర చెవి ఉందన్న మాట ఉండిపోద్ది."

"మీరు గోడ పగలగొట్టినవాళ్ళు వదినగారూ. చెవి పుచ్చుకోవడానికేం?"

"అప్పుడు ప్రాణం మీదకొచ్చింది కాబట్టి పగలగొట్టాం. ఇది వేరు, అది వేరు."

ఆవిడ అన్నదీ సబబే. ఇంట్లో ఏదీ పోకపోయినా నేను కత్తెర కోసం అంత అనుమానపడ్డదాన్ని. నిజంగా పోతే నా బుర్ర ఎటు పోతుందో నాకేం తెలుసు? ఎంత బతిమాలినా పుచ్చుకోలేదు. ఆఖరికి మావారు వెళ్ళి, "అమ్మా, మళ్ళీ పడితే ఈసారి గోడ కట్టే ఓపిక నాకు లేదు" అంటే నవ్వి తీసుకుంది.

తాపీ మేస్త్రి వచ్చి కంత పూడ్చాడు. గోడంతా ఇదే మట్టి అని, కావాలంటే విప్పి కట్టుకోమని చెప్పాడు. కట్టాలా, వద్దా అని నేనూ మావారూ ఇంకా తేల్చుకోలేదు. ఒక పూట కట్టాలనిపిస్తుంది. ఇంకో పూట, ఆ గోడ మెత్తగా ఉండబట్టే కదా అనిపిస్తుంది.

కిందటి వారం ఆదివారం పక్కింటి అన్నయ్యగారు మా గేటు దగ్గర నిలబడి పిలిచారు. వాళ్ళింట్లో పెళ్ళి ఉందట, బట్టలూ నగలూ తెచ్చి పెట్టుకున్నారట.

"ఆ తలుపు చేసిన మేస్త్రి ఫోన్ నంబరు ఇస్తారా అమ్మా?"

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఎగతాళేమో అనుకున్నాను. కాదు.

"అన్నయ్యగారూ, ఆ తలుపుతో మీరు పడ్డ అవస్థ..."

"అందుకేగామ్మా అడిగేది. నేనూ మా తమ్ముడూ కలిసి కొడితే కదల్లేదు. అంతకంటే గ్యారంటీ ఏం కావాలి?"

ఫోన్ తీసి నంబరు చెప్పాను. ఆయన వెళ్ళబోతుంటే, "లోపల అడ్డకమ్మి మాత్రం పెట్టించుకోకండి" అన్నాను.

ఆయన ఆగి, మా తలుపు వంక చూశారు.

"అసలు గట్టితనం దాంట్లోనే ఉందనుకుంటానమ్మా" అన్నారు.