రెండుసార్లే గుచ్చాలి

ఐసీయూ నర్సులకు మెడ నరంలో గొట్టం వెయ్యడం, వెన్నులోంచి నీరు తియ్యడం నేర్పేది ఆవిడే. నరం దొరక్కపోతే కొమ్ములు తిరిగిన డాక్టర్లు కూడా ఆవిడకే కబురు పెట్టేవారు. అందరికీ పెద్దక్క. పెద్దక్క నియమం ఒక్కటే: రెండుసార్లు గుచ్చు, దొరక్కపోతే సూది పక్కవాళ్లకిచ్చెయ్. "మూడోది రోగి కోసం కాదే, నీ పంతం కోసం" అనేది.

ఆ ఏడు ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలైంది. సంగతి బయటపడితే నేర్పే పని పోతుంది. ఇరవైయేళ్లుగా ఆవిడకు ఇల్లూ వాకిలీ అన్నీ ఆ పనే. చెయ్యి కోటు జేబులో దాచి, నోటితోనే పాఠాలు చెప్పుకొచ్చింది. ఊరందరికీ నీతులు చెప్పే నోరు తనదాకా వస్తే మూతపడటం మనకేం కొత్త కాదుగా.

ఒక మధ్యాహ్నం, రిటైరైన బస్సు డ్రైవరొకాయనకు మెడలో గొట్టం వెయ్యాల్సి వచ్చింది. "నెమ్మదిగానే పోనియ్యమ్మా, నాకు తొందరేం లేదు" అన్నాడాయన. పెద్దక్క శిష్యురాళ్లలో మంచి చెయ్యున్న పిల్ల, అందరూ చిట్టి అంటారు, రెండుసార్లు గుచ్చింది. దొరకలేదు. సూది పెద్దక్క వైపు చాపింది.

"రెండయ్యాయక్కా. మీరు తీసుకోండి."

పక్క గదిలోనే డాక్టరున్నాడు. పిలిస్తే వచ్చేవాడు. వస్తే, నువ్వెందుకు వెయ్యలేదని అడిగేవాడు.

"నీకొచ్చులే. ఇంకోసారి చూడు" అంది పెద్దక్క.

మూడోసారి చిట్టి సూదిమొన మెడ కిందుగా జారి ఊపిరితిత్తికి తగిలింది. ఎంతమంది ఎన్ని చేసినా ఆయన సాయంత్రం దాటలేదు.

చిట్టి మర్నాటినుంచి పనిలోకి రాలేదు. విచారణలో పెద్దక్క వణికే చెయ్యి బల్లమీద పెట్టి ఉన్నదంతా చెప్పేసింది. నేర్పే పని తీసేశారు. అటునుంచటే చిట్టి ఇంటికి వెళ్లింది.

"తప్పు నీది కాదే. నా చెయ్యి వణుకుతుంది. అది దాచుకోడానికి నీచేత గుచ్చించాను" అని బావురుమంది.

చిట్టి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"మాకు తెలుసక్కా. ఆర్నెల్ల కిందే చూశాం. మీరు నొచ్చుకుంటారని ఎవ్వరం అడగలేదు. ఆ రోజు సూది చాపాక గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాను. నలుగురిలో మిమ్మల్ని బయటపెట్టినట్టవుతుందనే మళ్లీ గుచ్చాను."

వార్డంతా పెద్దక్కను కడుపులో పెట్టుకుని కాచుకుంది. ఏమీ తెలియకుండా మెడ అప్పగించినవాడు ఆ పెద్దాయన ఒక్కడే.