చెక్కకి రాసే నూనె

మా పెద్దమ్మ గరిటె పట్టి ముప్పయ్యేళ్ళు దాటింది. మొదట కాలేజీ హాస్టల్లో, తర్వాత ఆస్పత్రి క్యాంటీన్లో, ఇప్పుడు ఈ పిల్లల సెంటర్లో. పనులకి పోయే అమ్మానాన్నలు పొద్దున వదిలి సాయంత్రం తీసుకెళ్ళే ఇరవై రెండు మంది పసివాళ్ళకి ఆవిడ చేతి వంటే. మోచేతుల దాకా కాలిన మచ్చలు ఉంటాయి. పిల్లలు తినేదాకా తను ముద్ద ముట్టదు. రుచి చూడటం తినడం కిందికి రాదని ఆవిడ వాదన. ఇక ఆవిడ నోటి సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. గిన్నె సరిగ్గా తోమకపోతే ఏడు తరాల వాళ్ళనీ లేపి కూర్చోబెడుతుంది.

నన్ను ఈ పనిలో పెట్టించింది కూడా ఆవిడే. "దీని పూచీ నాది" అని సెంటర్ నడిపే మేడంతో చెప్పింది. కూరలు తరగడం, గిన్నెలు కడగడం, తరిగే చెక్కలు చూసుకోవడం నా వంతు. మూడేళ్ళ నా కూతురు ఆ ఇరవై రెండు మందిలో ఒకతె. ఎప్పుడూ కిచకిచలాడుతూ ఉంటుందని పెద్దమ్మ దాన్ని పిచ్చిక అంటుంది.

మాకు మూడు చెక్కలు. ఉల్లిపాయలకొకటి, పండ్లకొకటి, బ్రెడ్డుకొకటి. వాటిని నీళ్ళలో నాననివ్వకూడదు, కడిగిన వెంటనే తుడిచి గోడకి నిలబెట్టాలి. మూడు రోజులకోసారి ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్ది, ఆరాక అవిసె నూనె పట్టించాలి. సన్నటి బీట పడినా భయం లేదు. రెండు పూతలు నూనె రాస్తే చెక్క తాగేస్తుంది, బీట మూసుకుపోతుంది. ఈ ఒక్క పనిలో మాత్రం పెద్దమ్మ నాకు వంక పెట్టేది కాదు. అందుకే నాకు ఆ నూనె సీసా మీద అంత నమ్మకం.

నాలుగు నెలల కిందట మేడం ఒక పోత ఇనుప గిన్నె తెప్పించారు. బయట నీలం, లోపల తెల్లటి పింగాణీ పూత. రెండు చేతులా ఎత్తితే గాని లేవదు. పెద్దమ్మ దానికి అల్లుడుగారు అని పేరు పెట్టింది.

"కొత్తల్లుడితో ఎలా ఉంటామో దీంతో అలా ఉండాలే. మంట ఎక్కువైతే అలుగుతాడు. ఇనుప గరిటె చూపిస్తే అలుగుతాడు. వేడి మీదున్నప్పుడు చన్నీళ్ళు పోశావనుకో, ఇక జన్మలో మన గడప తొక్కడు."

నవ్వుకున్నాం. ఆవిడ పాత స్టీలు గరిటెలన్నీ పక్కన పడేసి కర్ర గరిటె పట్టింది. ఒక్క అలవాటు మాత్రం మానలేకపోయింది. వంట కాగానే గిన్నె దించి ఉల్లిపాయల చెక్క మీద పెట్టి, అంచు మీద గరిటెతో రెండుసార్లు తట్టేది. ఆ చప్పుడు వింటే చాలు, పక్కగదిలో పిల్లలు ఎవరి చాప మీద వాళ్ళు కూర్చునేవాళ్ళు.

ఒక మంగళవారం మధ్యాహ్నం గిన్నె కడిగాను. తడి ఆరడానికి ఒక్క నిమిషం అని సన్నసెగ మీద పెట్టాను. పక్కగదిలో పిచ్చిక నిద్రలేచి ఏడ్చింది. ఎత్తుకుని, జోకొట్టి, మళ్ళీ పడుకోబెట్టేసరికి గిన్నె సంగతే మరిచాను. వంటింట్లోంచి మాడువాసన వచ్చింది. పరుగెత్తుకెళ్ళి, కంగారులో చెంబుడు చన్నీళ్ళు అందులో గుమ్మరించాను. ఛుయ్యిమంది. ఆ వెనకే చిన్నగా టిక్ మంది.

ఏ తప్పు చెయ్యొద్దని పెద్దమ్మ వందసార్లు చెప్పిందో సరిగ్గా అదే చేశాను. చూస్తే లోపల, అంచుకి రెండు వేళ్ళ కింద, వెంట్రుకంత గీత. పెద్దమ్మ ఆ టైములో బజారుకెళ్ళింది. వచ్చాక చెబుదామనుకున్నాను. ఆవిడ నోరు తలుచుకునేసరికి చెప్పబుద్ధి కాలేదు. చేతికి ఎదురుగా అవిసె నూనె సీసా ఉంది. చెక్కకి రాసినట్టే గుడ్డతో రెండు పూతలు రాశాను. గీత మాయమైంది. అతుక్కుంది అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. చెక్క నూనె తాగుతుంది, పింగాణీ తాగుతుందా? గీత మూసుకోలేదు, నాకు కనబడకుండా పోయింది, అంతే.

మర్నాడు పదకొండున్నరకి కూరగాయల సూపు అయింది. పెద్దమ్మ గిన్నె దించింది, రుచి చూసింది, గరిటెతో రెండుసార్లు తట్టింది. ఇరవై రెండు గిన్నెల్లో పోసి పళ్ళేల మీద పెట్టి తీసుకెళ్ళింది. నేను ఖాళీ గిన్నెని తొట్టి దగ్గరకి చేర్చి లోపలికి చూశాను. తెల్లటి గోడ మీద బొటనవేలి గోరంత నల్లమచ్చ. పింగాణీ ఊడి ఇనుము కనబడుతోంది. ఊడిన పెంకు గిన్నెలో లేదు. ఆ పెంకు గాజు ముక్కతో సమానం.

నేనేం చేశానో దాచకుండా చెబుతాను. ముందు వెనక్కి తిరిగి ఎవరైనా చూస్తున్నారా అని చూశాను. అవతల గదిలో నా కూతురే చెంచా పట్టుకుని కూర్చుని ఉంది, నేనేమో ఎవరైనా చూశారా అని చూశాను. ఆ తర్వాతే అరిచాను.

"పెద్దమ్మా, సూపు ఆపు. గిన్నె పెచ్చు ఊడింది."

ఆవిడ వచ్చింది. మచ్చ చుట్టూ బొటనవేలితో తడిమి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క తిట్టు తిట్టలేదు.

పిల్లల గదిలోకి వెళ్ళి, "చెంచాలు కింద పెట్టండి నాన్నా. ఇప్పుడు మనం సింహాలం. ఎవరు పెద్దగా నోరు తెరుస్తారో చూద్దాం" అంది. ఇరవై రెండు నోళ్ళు తెరుచుకున్నాయి. ఒక్కో నోట్లో వేలు పెట్టి చూసింది. నేను గిన్నెలన్నీ వెనక్కి లాక్కున్నాను.

సూపునంతా జల్లెడలో వడగట్టాం. రెండు ముక్కలు దొరికాయి. పండ్ల చెక్క మీద పెట్టి, గిన్నె మచ్చతో సరిచూసి జతచేశాం. మధ్యలో పెసరగింజంత ఖాళీ మిగిలింది. మళ్ళీ వడగట్టాం. నేలంతా చేతులతో తడిమాం. లేదు.

అన్ని గిన్నెల్లోనూ సూపు మిగిలి ఉంది, ఒక్కదాంట్లో తప్ప. ఆ ఒక్కటీ నాకినంత శుభ్రంగా ఉంది. పిచ్చికది.

"గబగబా తిన్నానమ్మా" అంది అది, మెచ్చుకుంటానని. గబగబా తినడం దానికి నేర్పిందీ నేనే.

మిగతా పిల్లల్ని మేడంకి అప్పగించి, పెద్దమ్మే పిల్లని చంకనేసుకుని డాక్టరు దగ్గరికి పరుగుతీసింది, వెనకే నేను. ఆయన గొంతులోకి లైటు వేసి చూశారు. గీతలేమీ లేవన్నారు. లోపలికి పోయి ఉంటే మామూలుగా బయటికి వచ్చేయొచ్చు, కానీ రెండు మూడు రోజులు కనిపెట్టి ఉండండి, కడుపునొప్పన్నా రక్తం కనబడ్డా క్షణం ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి అన్నారు. ఆ 'కానీ' దగ్గరే నా ప్రాణం ఆగిపోయింది.

సాయంత్రం ఐదింటికి గేటు దగ్గర పెద్దమ్మ నిలబడింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పింది. "గిన్నె అంచు మీద గరిటెతో కొట్టాను. లోపలి పెచ్చు ఊడింది. ఒక ముక్క దొరకలేదు. తప్పు నాది. రెండు మూడు రోజులు పిల్లల్ని కాస్త కనిపెట్టి ఉండండి."

కొందరు బిడ్డని గుండెలకి అదుముకుని మాట్లాడకుండా వెళ్ళిపోయారు. వ్యాను నడిపే ఒకాయన మాత్రం, "ఇన్నేళ్ళు వండావు, కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాడు. ఆవిడ తలదించుకుంది. కర్ర గరిటె దెబ్బకి బాగున్న పింగాణీ ఊడదు. ఆ సంగతి నాకు తెలుసు. తేలు కుట్టిన దొంగలా ఆవిడ వెనకే నిలబడ్డాను.

ఆ ముక్క సంగతి తేలేదాకా వంటింట్లో అడుగుపెట్టొద్దని మేడం ఆవిడకి చెప్పారు, పిల్లలకి బయటి నుంచి భోజనం తెప్పించారు.

తర్వాతి రెండు రోజులు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. పిచ్చిక దగ్గితే నేను లేచేదాన్ని, దగ్గకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. దొడ్డికి కూర్చోబెట్టిన ప్రతిసారీ పుల్లతో వెతికాను. "పొట్ట నొప్పిగా ఉందా?" అని అడిగి అడిగి, చివరికి దానికదే ఆట అయిపోయింది. శుక్రవారం పొద్దున పొట్ట పట్టుకుని "నొప్పి" అంది. చెప్పులేసుకోకుండా దాన్ని ఎత్తుకుని వీధి మలుపు దాకా పరుగెత్తాను. అప్పుడు నవ్వింది, ఉత్తుత్తికే అట. నడిరోడ్డు మీద కూలబడి ఏడ్చాను. పిల్ల బిత్తరపోయి నా కళ్ళు తుడిచింది.

ఆ రోజే చెక్కల వంతు. నా చేతులకి ఏదో ఒక పని కావాలి. ఉల్లిపాయల చెక్క మీద ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దుతున్నాను. పాత కత్తిగాటులో ఎండిన సూపు మెత్తబడి లేచింది. దాని కింద తెల్లగా ఏదో మెరిసింది. సూదితో పెకలించాను. పెసరగింజంత పింగాణీ. పెద్దమ్మ గరిటె తట్టినప్పుడు గిన్నె ఆ చెక్క మీదే ఉంది, ముక్క బయటికి ఎగిరి గాటులో దిగబడింది. మూడు రోజులుగా నా కళ్ళెదుటే గోడకి ఆని ఉంది.

కాగితంలో దాచిన రెండు ముక్కల మధ్య దాన్ని పెట్టాను. సరిగ్గా కూర్చుంది.

మేడంకి చూపించి, ఆ కాగితం పట్టుకుని పెద్దమ్మ గదికి పరుగెత్తాను. కిటికీ దగ్గర ఊరికే కూర్చుని ఉంది. ఊరికే కూర్చున్న పెద్దమ్మని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మూడు ముక్కలనీ వేలితో జరిపి చూసింది. చాలాసేపు కళ్ళు మూసుకుంది.

"పిల్ల గండం గడిచింది" అంది. తర్వాత కళ్ళు తెరిచి, "ఇప్పుడు చెప్పు. గీత ఎప్పుడు చూశావ్?"

నేను ముక్కల్ని మళ్ళీ కాగితంలో సర్దబోయాను.

"చెక్కకి రాసే నూనె వాసన నాకు తెలీదటే? వేలికి అంటుకుంటేనూ."

"మరి గేటు దగ్గర తప్పు నీదని ఎందుకన్నావు పెద్దమ్మా?"

"నీ పూచీ నాదని చెప్పాను కదా. ఆ రోజు నిన్ను నిలదీస్తే భయానికి అబద్ధమాడేదానివి. పిల్లని చూసుకోవడం మానేసి ఆ అబద్ధాన్ని కాపాడుకుంటూ కూర్చునేదానివి. ముందు దాని సంగతి తేలనీ అనుకున్నా." కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "తిడతాననే కదా చెప్పలేదు?"

తలూపాను.

"నా నోరు పడిపోను" అంది మెల్లగా. గేటు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పమని కూడా అనలేదు.

సాయంత్రం ఐదింటికి గేటు తీశారు. పిచ్చికని పక్కన నిలబెట్టుకుని, కాగితం పిడికిట్లో పట్టుకుని నిల్చున్నాను. అందరికంటే ముందు వ్యాను నడిపే ఆయనే వచ్చాడు.

"అన్నయ్యా, ఒక్క నిమిషం ఆగు" అన్నాను. "మొన్న నువ్వు అన్న మాట మా పెద్దమ్మకి చెందాల్సింది కాదు."