కొంగు చాటు పెదవి

2023 వానాకాలం. కొత్తగూడెంలోని నా ఫిజియోథెరపీ గదికి మరియమ్మ అనే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. వెనకే ఆమె భర్త ప్రకాశం, బొగ్గు గనిలో డ్రిల్లర్. హైఫు చేయించుకున్నాక కింది పెదవి ఎడమవైపు బలహీనపడిందని డాక్టరు చీటీలో రాశారు.

హైఫు అంటే అల్ట్రాసౌండ్ తరంగాలను చర్మం అడుగున ఒకచోటికి చేర్చి, ఆ వేడితో సాగిన చర్మాన్ని బిగించే పద్ధతి. కోత, కుట్లు ఉండవు కాబట్టి భయం లేదనుకుంటారు. కానీ చర్మం కాలవచ్చు. దవడ అంచున పెదవిని కదిలించే సన్నని నరం ఉంటుంది, వేడి దానికి తగిలితే మూతి ఒక పక్కకు పోతుంది.

"ఆయన రిటైర్మెంటు ఫంక్షన్ల స్టేజీ మీద పక్కన కూసోవాలె గద మేడం, జర మంచిగ కనవడదామని పార్లర్‌కు పోయిన. దవడ కాడ షాక్ కొట్టినట్టయింది. ఆపమన్న. గట్లనే ఉంటది ఆంటీ, ఓర్చుకో అన్నది ఆ పిల్ల."

నాకు ఒళ్లు మండింది. ఆ కోపం ప్రకాశం మీదికి మళ్లింది. ఎన్నాళ్లయిందని రెండుసార్లు అడిగినా ఆయన పలకలేదు. "భార్యకు ఇంత కష్టమొస్తే నోరు విప్పరేం?" అన్నాను గట్టిగానే.

"ఆయనకు ఇనవడది మేడం. డ్రిల్లు మోతకు చెవులు పోయినయ్. పెదాలు చూసే మాట తెలుసుకుంటడు," అంది మరియమ్మ.

నా ముఖాన మాస్కు ఉంది. సిగ్గుపడి తీసేసి, మళ్లీ అడిగాను.

"ఇరవై రోజులాయె మేడం," అన్నాడు ప్రకాశం నా నోటి వైపే చూస్తూ. "నోటికేదో అయిందని తెలుసు. చూపియ్యది. నాతోని మాట్లాడ్తలేదు. నేనేం తప్పు జేసిన్నో జర అడుగుండ్రి."

మరియమ్మ కంగారుపడింది. "రోజూ మాట్లాడుతనే ఉన్న గద!"

ఆ మాట కూడా కొంగు చాటు నుంచే వచ్చింది.

"కొంగు తియ్యక్కా," అన్నాను.

"గీ వంకర మూతి ఆయనకెట్ల చూపియ్యాలె?"

"నరం కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. పూర్తిగా బాగవుతుందని నేను మాటివ్వలేను. అప్పటిదాకా ఆయన ఇట్లనే ఉండాల్నా?"

ఆమె కొంగు దించింది. గొంతు లేకుండా, పెదాలతోనే ఏదో అంది. ప్రకాశం కళ్లు చికిలించి, "ఇంకోపారి," అన్నాడు. ఆమె మళ్లీ అంది. ఆయన ముఖం వెలిగింది.

"తిన్న," అన్నాడు. "నువ్వు తిన్నవా?"

మరియమ్మ ఏడ్చేసింది. నేను కిటికీ వైపు తిరిగాను, నా కన్నీళ్లూ ఆగలేదు మరి.

ఫంక్షన్ నాటికి పెదవి సగమే తేరుకుంది. అయినా ఫొటోలో ఆమె కొంగు భుజం మీదే ఉంది.

ఇప్పుడు హైఫు గురించి అడిగేవాళ్లకు, చేసేది చర్మ డాక్టరేనా అని చూసుకోమంటాను. షాక్ తగిలినట్టుంటే వెంటనే ఆపించి లేచి రమ్మంటాను. ఎవరైనా ముఖం దాచుకుని వస్తే మాత్రం, ముందు నా మాస్కు తీసి, ఆ ముఖం కోసం ఇంట్లో ఎదురుచూసేదెవరని అడుగుతాను.