హెప్సీ సిస్టర్ కొలిచిన బూట్లు

నర్సాపురం దగ్గరి పల్లె నుంచి గల్ఫ్‌కు వచ్చి, ముసఫాలోని కార్మికుల క్లినిక్‌లో నర్సుగా చేస్తున్న హెప్సీకి ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. ఆమెకు తెలిసినవల్లా మోకాళ్లే. 2022లో ఐకాడ్ కార్మికుల వసతి క్యాంపు పక్కన ప్లాస్టిక్ గడ్డి మైదానం వేశాక, ప్రతి సోమవారం ఒకరో ఇద్దరో కుంటుకుంటూ వచ్చేవారు. ఎవరూ గుద్దలేదని, పరుగులో గిరుక్కున తిరగబోయి పడ్డామని అందరూ ఒకే మాట చెప్పేవారు.

ఆ మాట ఆమెను నిలవనివ్వలేదు. దెబ్బ తగిలినవాళ్లను బూట్లు కూడా తెమ్మంది. డాక్టరు నవ్వాడు. ఆమె మాత్రం ఒక్కో బూటును తిరగేసి, అడుగున నేలను పట్టుకునే బుడిపెలను, అంటే స్టడ్లను, కొలిచి రాసుకుంది. నాలుగు నెలల్లో పందొమ్మిది మోకాళ్లు. అందులో పద్నాలుగు మందివి మెత్తటి పచ్చిక నేల కోసం చేసిన పొడవాటి స్టడ్లు. అవి ప్లాస్టిక్ గడ్డిలో దిగబడితే ఓ పట్టాన వదలవు. నడుము తిరుగుతుంది, పాదం తిరగదు. ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది.

అది చాలదనిపించి, ఓ ఆదివారం మైదానానికే వెళ్లి దెబ్బలు తగలనివాళ్ల బూట్లూ చూసింది. ఎక్కువమందివి పొట్టి రబ్బరు స్టడ్లే. అందరినీ అవే వేసుకోమంది.

"అవిట్లతోని ఉరుకుడు కాదు సిస్టర్. జారి పడ్తం," అన్నాడు రాకేశ్. జగిత్యాల వైపు నుంచి వచ్చిన వెల్డరు, క్యాంపు జట్టుకు కెప్టెన్.

"పరుగెత్తొద్దులెండి. ఇక్కడే కాలు ఆనించి గబుక్కున వెనక్కి తిరగండి. ముందు మీ బూట్లతో, తర్వాత మీ పక్కాయన పొట్టి స్టడ్లవి అడిగి వేసుకుని."

రాకేశ్ తిరిగాడు. పక్కవాడి బూట్లు వేసుకుని మళ్లీ తిరిగాడు. కాలెత్తి బూటు అడుగు చూసుకున్నాడు.

"గిది కాలును ఇడుస్తున్నది," అన్నాడు చివరికి. "ఖలాస్. ఇగ మా టీముకు పొట్టియే."

ఆ చలికాలం క్యాంపుల టోర్నమెంటులో వాళ్లు సెమీఫైనల్లో ఓడారు. కానీ ఆరు మ్యాచుల్లోనూ మోకాలు పట్టుకుని బయటికొచ్చినవాడు వాళ్ల జట్టులో ఒక్కడూ లేడు. మిగతా జట్లలో ఐదుగురు.

ఆ లెక్క చూశాక డాక్టరే క్యాంపు ముదీర్‌తో, అంటే మేనేజరుతో, మాట్లాడి, అన్ని జట్లవాళ్లనూ క్యాంటీన్ హాల్లో కూర్చోబెట్టాడు. రెండు వందల మంది మగవాళ్ల ముందు హెప్సీ తన కోస్తా యాస కలిసిన హిందీలో, చేతిలో బూటు పట్టుకుని చెప్పింది. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒక పఠాన్ ఆమె ఎవరని రాకేశ్‌ను అడిగాడు.

"మా సిస్టర్," అన్నాడు రాకేశ్ గట్టిగా, కాలరు సర్దుకుంటూ.

ఆ మాట హెప్సీ చెవిన పడింది. ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డవాళ్లకు చోటిమ్మని చెప్పి, వాళ్ల కోసం ఆమె మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.