హిందూపురంలో అద్దె ఇల్లు, ఒక బ్రోకర్

హిందూపురానికి బదిలీ అయినప్పటి నుంచి రోజూ ధర్మవరం బస్సులో తిరిగి తిరిగి నడుము పడిపోయింది. అందుకే ఈ రోజు సెలవు పెట్టి, మా ఆయనతో కలిసి అద్దె ఇల్లు వెతికాను. "టు-లెట్ బోర్డులు చదవడం మనకు రాదా, బ్రోకర్ ఎందుకు?" అన్నది నేనే. మధ్యాహ్నానికి నాలుగిళ్లు చూశాము. మా ఆయన తన పేరు ఏసోబు అని చెప్పగానే, ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చేసిన సంగతి నలుగురు ఓనర్లకూ గుర్తొచ్చింది.

చివరికి టీ కొట్టు దగ్గర నంజుండప్ప అనే బ్రోకర్‌ను పట్టుకున్నాము. ఆయన మమ్మల్ని వీధి మొదట్లోనే నిలబెట్టి, ఒక్కడే లోపలికి పోయి అడిగి వచ్చాడు. రెండిళ్ల నుంచి అడ్డంగా తల ఊపుతూ వెనక్కి వచ్చాడు. మూడో ఇంటికి మాత్రం రమ్మని చెయ్యి ఊపాడు.

ఇల్లు కుదిరాక, "మమ్మల్ని ముందే లోపలికి పిలవచ్చు కదప్పా?" అన్నాను.

"ఆ మాటలన్నీ మీరెందుకు పడల్లమ్మా? నేను పడితే సరిపోతాది. దానికే గదా మీరు నాకిచ్చేది" అన్నాడు.

కమీషన్ బేరమాడకుండా ఇచ్చాను. అది దండగ అనిపించలేదు గానీ, ఈ అలసట మాత్రం నిద్రపోతే తీరేది కాదు. మీలో బ్రోకర్ లేకుండా ఇల్లు దొరికినవాళ్లు ఎవరైనా ఉంటే, ఓనరు మిమ్మల్ని మొదట ఏమడిగాడో చెప్పండి.