ఎడమ పక్క నిద్ర

మా ఆవిడకు ఎడమ పక్కకి తిరిగితేనే నిద్ర పట్టేది. చెయ్యి చెంప కింద పెట్టుకుందంటే, పోర్టులో ఓడ కూత వేసినా కదిలేది కాదు. ఇన్సులిన్ మొదలయ్యాక డాక్టరుగారు ఆ చేతికే, మోచేతికి పైన, రూపాయి బిళ్లంత సెన్సర్ అతికించారు. షుగర్ పడిపోతే నా ఫోన్ మోగుతుంది.

"ఇది నాకు రెండో అత్తగారండీ," అనేది. "తింటే కోప్పడతాది, తినకపోతే గోల సేత్తాది."

ఆ చెయ్యి ఒంటి కింద నలిగితే సెన్సర్ అంకెను తప్పుగా తగ్గించి చూపిస్తుందట. అయినా మోగినప్పుడల్లా వేలు పొడిచి రక్తంలో షుగర్ చూడమన్నారు డాక్టరుగారు. మొదట్లో హడలిపోయి పొడిచేవాణ్ణి. ప్రతిసారీ షుగర్ బాగానే ఉండేది. పాత చీరలు మడిచి మెత్త కుట్టి ఎడమ పక్కన అడ్డు పెట్టాను. నిద్రలో దాన్ని తోసేసి మళ్లీ అటే తిరిగేది. రానురాను పొడవడం మానేశాను. మోగితే "అటు తిరుగు" అనేవాణ్ణి.

"సెయ్యి మీద పడుకున్నానేటండీ?" అని మత్తుగా అడిగి తిరిగేది. కాసేపటికి అంకె పెరిగేది.

మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. మందులు వాడేవాళ్లు పాలు తాగవచ్చని పాస్టరుగారు ఎప్పుడూ చెబుతారు. ఆ శుక్రవారం పొద్దున ఆమె ఇన్సులిన్ వేసుకుంది గానీ పాలు ముట్టలేదు.

"దేవుడి ముందర సగం ఉపవాసమేటండీ?"

సంఘ పెద్దనైన నేను ఆ మాటకు గర్వపడ్డాను. నా తప్పు అక్కడే మొదలైంది.

మూడింటికి ఇల్లు చేరాం. "కాస్త నడుం వాల్చి లేచి తింటాను," అని గదిలోకి వెళ్లింది. నేను ముందు గదిలో ఆదివారం వాక్యానికి సిద్ధపడుతున్నాను. గెత్సేమనే తోటలో యేసు మెలకువగా ఉండమన్నా ఉండలేకపోయిన శిష్యుల గురించి. ఫోన్ మోగింది. కుర్చీలోంచి లేవకుండానే "అటు తిరుగు" అని కేకేసి ఫోన్ నోరు నొక్కాను. జవాబు రాలేదు. తిరిగే ఉంటుందనుకున్నాను.

టీ పెట్టి లేపడానికి వెళ్లాను. ఆమె కుడి పక్కకి తిరిగి ఉంది. ఎడమ చెయ్యి పైనే ఉంది, సెన్సర్ నాకు కనబడుతూనే ఉంది. మెత్త పెట్టిన చోటే ఉంది. ఒళ్లంతా చల్లటి చెమట. ఎంత పిలిచినా పలకలేదు. ఆసుపత్రి దాకా ఊపిరి ఉంది.

చివరి స్నానం చేయించడానికి వచ్చిన సంఘం చెల్లెమ్మ, "అన్నయ్యా, ఈ బిళ్ల తీసేయమంటావేటి?" అని అడిగింది. నేనే మెల్లగా తీశాను. కింద గుండ్రటి మచ్చ.

పునరుత్థాన దినాన ఆమెను చూస్తానని నమ్ముతున్నాను. ఆ నమ్మకం మీదే లేస్తున్నాను, పడుకుంటున్నాను. నిద్ర లేచినట్టే లేచి, మొదట నన్ను అదే అడుగుతుంది.

"సెయ్యి మీద పడుకున్నానేటండీ?"

లేదు అని చెప్పాలి.