పండుగప్ప ఎంతకిచ్చాడు?

పందొమ్మిదివందల యాభైల చివర్లో కొత్త అల్లుడిగా దివిసీమ వెళ్ళాను. గుడివాడలో మాది కిరాణా కొట్టు.

"బేరమాడ్డమేగానీ చేప పట్టడం మీవల్ల ఏమవుద్ది బావగారూ!" అని మా బావమరిది ఎగతాళి చేశాడు.

పండుగప్ప చేపతోనే తిరిగొస్తానని పంతం పట్టాను. కృష్ణలో చిన్న చేపలు ఎగిరిపడుతున్న చోటు చూసి గాలం వేశాను. సముద్రపు పోటు మొదలయ్యాక చేప తగిలింది. తాడు చేతికి చుట్టుకున్నానేమో, పీకల్లోతు నీళ్ళలోకి ఈడ్చేసింది.

"తాడొదిలెయ్యండి బాబూ, మునిగిపోతారు!" అని అటుగా వస్తున్న పడవవాడు అరిచాడు. వదల్లేదు. చివరికి అతనే నన్నూ చేపనూ కలిపి ఒడ్డుకు లాగాడు.

ఇంటికెళ్తే బావమరిది చేపనెత్తి చూసి, "ఎంతకిచ్చాడండీ?" అన్నాడు. కోసుకుపోయిన అరచెయ్యి చూపించినా నమ్మలేదు. విసిగిపోయి నోటికొచ్చిన ధర చెప్పాను.

"అంత చవగ్గానా! అసాధ్యులండీ మీరు!"

ఆ మెప్పు వదులుకోలేకపోయాను. ప్రాణాలకు తెగించి పట్టిన ఆ చేప, అత్తవారింట్లో ఇవాళ్టికీ నేను చవగ్గా కొన్న చేపే.